బాడుగ బండిలో బరువైన అల్లుడు

అనంతపురం,
17 నవంబరు 2024

మామ బయ్యన్న గారికి నమస్కారాలు.

మీరూ అత్తా బాగుండాలని కోరుకుంటున్నాను. నేను బాగున్నానని రాయడం మర్యాద కాబట్టి రాస్తున్నాను. మీకు చెవులు బాగా మందగించాక ఫోన్లో మాట్లాడటం కుదరడం లేదు. అత్తకు వినపడుతుంది గానీ నా గొంతు వినగానే ఏడుస్తుంది. నేను ఆ, ఊ అని పెట్టేస్తాను. అందుకే ఈ జాబు.

ఆదివారాలు ఎందుకు రావడం లేదని అత్త అడిగింది. షాపులో బోరు మోటార్ల రిపేర్లు ఎక్కువగా ఉన్నాయని చెప్పాను. అది అబద్ధం. ఇంద్రాణి సంవత్సరీకం అయిన తర్వాతి ఆదివారం మామూలుగానే బస్టాండుకు పోయి కళ్యాణదుర్గం బస్సెక్కాను. మేమిద్దరం ఎప్పుడూ కూర్చునే సీటే దొరికింది. చాలా రోజులకు కనపడిన పాత కండక్టరు వచ్చి "రెండా?" అన్నాడు. లేచి దిగిపోయాను. ఏడుపు వచ్చి దిగాననుకుంటారేమో, ఏమీ రాలేదు. పళ్ళ డాక్టరు సూది వేశాక దవడ మనది కానట్టు ఉంటుంది చూడండి. జ్వరంతో ఆమె పోయిన నాటి నుంచి నాకు ఒళ్ళంతా అలాగే ఉంది.

ఆ రోజు ఏం చేయాలో తోచక ఆటో ఎక్కి బైపాస్ దాకా పోయాను. అక్కడ కొత్తగా ఒక ట్రాక్ పెట్టారు. గో-కార్టులంటారు. పైకప్పు లేని చిన్న బండి, దాదాపు నేల మీద కూర్చున్నట్టే ఉంటుంది. పది నిమిషాలు బాడుగకు ఇస్తారు. రౌండుకు ఎంతసేపు పట్టిందో గోడ మీది తెరలో పడుతుంది. ఎక్కాను. ఆ పది నిమిషాలు తలలో ఏమీ లేదు. మామూలుగా కూడా ఏమీ ఉండదు గానీ, అక్కడ ఏమీ లేకపోవడం న్యాయంగా అనిపించింది.

అప్పటి నుంచి ప్రతి ఆదివారం అక్కడికే పోతున్నాను. మీకు చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది. ఇంజనీరింగ్ కాలేజీ పిల్లలు వెదురు బద్దల్లా ఉంటారు, నన్ను దాటుకుని పోతారు. నా బరువు మీకు తెలుసు కదా. పెండ్లిలో నా కింద పీట విరుగుతుందని రెండు పీటలు వేయించింది మీరే. ఈ బండ్లకు ఇంజను చిన్నది, అందరికీ ఒకటే. మలుపు తిరిగాక వాళ్ళ బండి ఎగురుతుంది, నాది ఆలోచిస్తూ ఉంటుంది. పట్టికలో నా పేరు ఎప్పుడూ అట్టడుగునే.

అత్తకు ఈ సంగతి మెల్లగా చెప్పండి.

ఇట్లు
నాగేశ్వర


కళ్యాణదుర్గం,
28 నవంబరు 2024

చిరంజీవి నాగేశ్వరకు మామ దీవించి రాసేది.

జాబు చేరింది. రెండు మార్లు చదివి మీ అత్తకు కూడా చదివి వినిపించినాను. మెల్లగా చెప్పమన్నావు, నాకు చెవుడు వచ్చినప్పటి నుంచి మెల్లగా చెప్పడం చేతకాదు. వీధి వీధంతా విన్నాది.

చెనక్కాయ పంట ఈసారి కూడా అంతే. పూత మీద వాన రాలేదు. చెట్టు పీకితే కాయల కంటే మన్ను ఎక్కువ. పశువుల మేతకు ఆ ఎండు చెట్ల కట్టె మిగిలింది, అదే చాలు అనుకున్నాము.

నువ్వు రాసిన ఆట నాకు అర్థం కాలేదు. గుండ్రంగా తిరిగి ఎక్కిన చోటనే దిగేదానికి బాడుగ ఎందుకు? సరే, పోతాండావు కాబట్టి ఒక మాట. లావుగా ఉండే మనిషికి పెద్ద ఇంజను ఇయ్యమని అడగరాదా? మన ఊర్లో మడక దున్నేదానికి కూడా బరువును బట్టి ఎద్దును చూస్తారు. అడిగితే ఏం పోతుంది, నోరు లేదా నీకు?

మీ అత్త ఆదివారం పూట ఇంకా నీ లెక్కన అన్నం వండుతుంది. సాయంత్రం గొర్రెల కాపరి మారెక్కకు పెడుతుంది. మారెక్క ఒళ్ళు చేసింది.

ఇంకొక మాట రాయకూడదు అనుకున్నా, రాస్తాను. అంగడి కాడ మనుషులు అడుగుతారు. "ఏమప్పా బయ్యన్నా, అల్లుడు కనపడ్లేదే?" అంటారు. "యాడప్పా వచ్చేది, బిడ్డే లేకపాయె" అని వాళ్ళే జవాబు చెప్పుకుంటారు. నేను చెవుడు నటించి వచ్చేస్తాను. అయినా ఇంటికొచ్చినాక నాకూ అదే ప్రశ్న. ఇంద్రాణి లేకపోతే నువ్వు మాకు ఏమవుతావు? నాకు తెలీదు నాయనా. బిడ్డా పాపా కూడా లేకపాయెనే మీకు. నీకు తెలిస్తే చెప్పు.

ఆశీస్సులతో
బయ్యన్న


అనంతపురం,
22 డిసెంబరు 2024

మామకు నమస్కారాలు.

మీ జాబు చాలా రోజులు జేబులోనే పెట్టుకుని తిరిగాను. మీరు అడిగినదానికి జవాబు నాకూ తెలియదు. ఆలోచించబోతే ఎక్కడా పట్టు దొరకడం లేదు. అందుకని తెలిసినది రాస్తాను.

పెద్ద ఇంజను ఇవ్వరట. అడిగాను. ట్రాక్ దగ్గర హేమలత గారని ఉన్నారు, టికెట్లు, హెల్మెట్లు, జెండా అన్నీ ఆమే చూసుకుంటారు. మీరు చెప్పారని చెప్పి అడిగితే చాలాసేపు నవ్వారు. తర్వాత నన్ను గోడ పక్కన నిలబెట్టి పిల్లలు తోలేది చూడమన్నారు. మలుపులో వాళ్ళ బండి వెనక భాగం పక్కకు జారుతుంది, టైర్లు కిర్రుమంటాయి. చూడటానికి బాగుంటుంది. అలా జారినప్పుడు వేగం పోతుందట. వాళ్ళు తేలిక కాబట్టి పోయిన వేగం వెంటనే వస్తుంది. నేను పోగొట్టుకుంటే మళ్ళీ రావడానికి తర్వాతి మలుపు దాకా పడుతుంది. కాబట్టి బరువైన మనిషి అసలు పోగొట్టుకోకూడదు, అంతే సూత్రం అన్నారు.

అంటే ఏం చేయాలంటే, వాళ్ళకంటే ముందే బ్రేకు నొక్కాలి, అదీ బండి తిన్నగా ఉన్నప్పుడే. మలుపులోకి వెడల్పుగా రావాలి, లోపలి అంచును కాస్త ఆలస్యంగా తాకాలి, బయటికి పోయేటప్పుడు బండిని అంచు దాకా వదిలేయాలి. స్టీరింగును గొంతు పిసికినట్టు పట్టుకోకూడదు. ముందుకు వంగితే బండి తొందరగా పోతుందని నేను సైకిల్ తొక్కినట్టు వంగేవాణ్ణి. వెనక్కి ఆనుకుని కదలకుండా కూర్చోమన్నారు. కదలకుండా కూర్చోవడం నాకు బాగా వచ్చు. ఏడాదిగా అదే పని.

బరువు కూడా తగ్గుతోంది. సాయంత్రం షాపు ఎదురుగా బజ్జీలు మానేశాను. రాత్రి రొట్టె ఒకటే. అత్త బస్సులో పంపిన చెనక్కాయ ఉండల డబ్బా మాత్రం మానలేదు. ఆ వారం నా రౌండు ఎంత నెమ్మదిగా పోయిందో అత్తకు చెప్పకండి, పంపడం మానేస్తుంది.

ఆదివారం హేమలత గారు ఉంటే నాలుగు మంచి మాటలు వినపడతాయి. మిగతా రోజులు మోటార్లు, వైండింగు తీగలు.

ఇట్లు
నాగేశ్వర


కళ్యాణదుర్గం,
20 జనవరి 2025

చిరంజీవి నాగేశ్వరకు.

జాబు చేరింది. ఇద్దరమూ కులాసా. మీ అత్తకు మోకాలి నొప్పి, అది కొత్తేమీ కాదు.

పోయిన ఆదివారం మీ అత్త నీకు ఫోను చేసిందంట. నీ పక్కన ఆడమనిషి గొంతు విన్నదంట. "రా, నీ కోసమే ఆపినా" అన్నాదంట ఆమె. మీ అత్త ఫోను పెట్టేసి కొట్టంలోకి పోయి కూచున్నాది. నేను అడిగితే "ఏం లేదులే" అనె. ఎంతసేపటికో చెప్పినాది.

నువ్వు బరువు తగ్గుతాండావు. మంచిదే. బజ్జీలు మాన్పించే శక్తి మా ఇంద్రాణికి కూడా లేకపోయె, ఎన్ని మార్లు చెప్పినా వినలేదు నువ్వు. ఇప్పుడు మానినావు. మనిషి అన్నాక మారతాడు. మేము పాత కాలం వాళ్ళమే గానీ గుడ్డివాళ్ళం కాదు. చెవుడు ఒకటే.

ఈ సంగతిలో నువ్వు మాకు జవాబు చెప్పుకోవాల్సిన పని లేదు. ఆరోగ్యం చూసుకో.

బయ్యన్న


అనంతపురం,
23 ఫిబ్రవరి 2025

మామకు నమస్కారాలు.

మీ జాబు పొట్టిగా ఉంది. అత్తకు మోకాలి నొప్పి ఎక్కువైందేమోనని ఆలోచించాను. ఇక్కడ దొరికే తైలం బస్సులో పంపాను, అందిందా? ఆ రోజు ఫోను వచ్చినప్పుడు నా వంతు బండి వచ్చేసింది. అందుకే సరిగా మాట్లాడలేదు.

మీకు చెప్పడానికి ఒక సంగతి ఉంది. పోయిన వారం మొదటిసారి నా పేరు పట్టికలో అడుగు నుంచి పైకి పోయింది. పొద్దున్నే, జనం రాకముందే పోయాను. ముందు ఎవరూ అడ్డం లేరు. హేమలత గారు బాగా లాగే బండి నాకు అట్టిపెట్టారు. మొదటి రెండు రౌండ్లు టైర్లు వేడెక్కే దాకా ఊరికే తిప్పాను. తర్వాత ఒక్క మలుపులో కూడా టైరు అరవలేదు. నేను నెమ్మదిగా పోతున్నాననే అనుకున్నాను. దిగి తెర చూస్తే యాభై సెకన్ల లోపు పడింది. అంతకు ముందు నాకు ఎప్పుడూ యాభై దాటేది. కాలేజీ పిల్లలు వచ్చి "అంకుల్, ఎట్ల చేసినారు?" అని అడిగారు. సంతోషించాల్సిన చోట అది. వేచి చూశాను గానీ రాలేదు. పిల్లలకు టీ తాగించి ఇంటికి వచ్చాను.

ఇంకొకటి. ఉగాది ఈసారి ఆదివారం పడింది. ఆ రోజు ట్రాక్‌లో బరువు సర్దిన పోటీ పెడుతున్నారు. తేలికగా ఉన్నవాళ్ళ సీట్లకు సీసం బిళ్ళలు బిగించి అందరినీ ఇంచుమించు ఒకే బరువుకు తెస్తారు. నాకు బిళ్ళలు అక్కర్లేదు, నేనే బిళ్ళ. హేమలత గారు నా పేరు ముందే రాసేశారు, రాకపోతే ఊరుకోనన్నారు. కాబట్టి పండుగకు అక్కడికి రాలేను. మీరు ఏమీ అనుకోరని తెలుసు.

ఇట్లు
నాగేశ్వర


కళ్యాణదుర్గం,
17 మార్చి 2025

చిరంజీవి నాగేశ్వరకు బయ్యన్న రాసేది.

ఈ జాబుతో పాటు బస్సులో ఒక పార్శిల్ పంపినాను. అనంతపురం బస్టాండులో తీసుకో. ప్రతి ఉగాదికి అల్లునికి బట్టలు పెట్టడం మన ఇంటి పద్ధతి. పోయినేడు మైల అని పెట్టలేదు. ఈ ఏడు పెట్టాల్నా వద్దా అని మేమిద్దరం చాలా రోజులు మాట్లాడుకున్నాము. మీ అత్త "పెట్టాల, పెట్టి సాగనంపాల" అనె. సరే అన్నాను.

ప్యాంటు, చొక్కా నీకు. మన దర్జీ కాడ నీ పాత కొలత ఉండాది, దాని మీదనే కుట్టించినాను. చీర ఆ హేమలతకు. రంగు మీ అత్త ఎంచింది. మా మనసులో ఏమీ లేదని ఆ పిల్లకు చెప్పు. ఇంద్రాణి పోయిన మనిషి. నువ్వు వయసులో ఉన్నావు. ఒంటరిగా రొట్టె తిని బతకమని చెప్పే హక్కు మాకు లేదు. పెండ్లి ఎప్పుడైనా చేసుకో. మమ్మల్ని పిలవద్దు, రాలేము. అంతే.

ఇంకొక విషయం తెలియజేయాల. నాకు కొడుకులు లేరు. నేను పోతే తలకొరివి నువ్వు పెడతావని ఇన్నాళ్ళు నా మనసులో ఉన్నింది, నీకెప్పుడూ చెప్పలేదు. రేపు నీకొక ఇల్లు, మరొక మామ ఉంటారు. నిన్ను ఇరికించడం బాగుండదు. మా తమ్ముని కొడుకు కిరణ్‌కు చెప్పినాను. "సరే పెదనాయనా" అన్నాడు. సెల్లు చూసుకుంటానే అన్నాడు. కానీలే.

నువ్వు మాకు ఏమవుతావని ఒకప్పుడు అడిగినాను. ఇప్పుడు దానికి జవాబు చెప్పొద్దు. నిన్ను మేము వదిలిపెట్టినాము, నువ్వు హాయిగా ఉండు.

బయ్యన్న


అనంతపురం,
24 మార్చి 2025

బయ్యన్న గారికి,

పార్శిల్ అందింది. జాబు బస్టాండులోనే మళ్ళీ చదివాను.

హేమలత గారికి యాభై ఐదేళ్ళు. భర్త ఆ ట్రాక్‌లోనే బండ్ల రిపేరు చేస్తాడు. ఇద్దరు మనవళ్ళు. నన్ను "ఏం నాయనా" అని పిలుస్తారు. ఇది నేను ముందే రాయవలసింది, రాయాలని తోచలేదు. మీరూ అడగవలసింది.

చీర తిరిగి పంపుతున్నాను. చొక్కా వేసి చూసుకున్నాను. భుజాలు జారిపోతున్నాయి. ఇప్పటి కొలత అడిగి ఉంటే చెప్పేవాణ్ణి.

కిరణ్‌కు చెప్పిన సంగతి చదివాను. మీ ఇష్టం. మీ ఇంటి విషయం. నన్ను సాగనంపామని రాశారు కాబట్టి ఇక రాయను. అత్తకు తైలం రాత్రిపూట రాస్తే మంచిది.

నాగేశ్వర


కళ్యాణదుర్గం,
2 ఏప్రిల్ 2025

నాగేశ్వరా,

రాయనన్నావు. చదవనని అనలేదు కదా. అందుకని రాస్తాండాను.

చీర తిరిగొచ్చిన రోజు మా ఇంట్లో మీ అత్త ఒక పక్క, నేను ఒక పక్క. తెల్లారినాక "పోదాం పా" అన్నాది. ఉగాది నాడు మొదటి బస్సుకు ఎక్కినాము. నీకు చెప్పకుండా ఆ ట్రాక్ కాడికి వచ్చినాము.

టైర్లు పేర్చిన గోడ వెనక నిలబడితే ఒక పెద్దామె వచ్చి ఎవరు కావాలని అడిగింది. నేను "ఆ లావు మనిషి" అని చూపించినాను. ఆమె "ఓ, ఉండల డబ్బా మామ మీరేనా?" అన్నాదంట, మీ అత్త నా చెవిలో అరిచి చెప్పినాది. ఆమే హేమలత. మా ముఖాలు ఎట్ల పెట్టుకోవాలో తెలియలేదు. మీ అత్త సంచిలో నుంచి చీర తీసి ఆమెకే ఇచ్చింది. పండుగ పూట ఇంట్లోంచి తెచ్చిన చీర మళ్ళీ ఇంటికి పోకూడదంట. ఆమె కండ్లకు అద్దుకుని తీసుకున్నాది. ఎందుకిచ్చినామో అడగలేదు, మంచి మనిషి.

నీ పోటీ చూసినాము. అందరి బండ్లు మలుపులో మొరాయించిన దూడ మాదిరి తోక తిప్పుతాండె. నీది పట్టాల మీద పోయినట్టు పోయింది. నాకు చప్పుడు వినబడదు, మీ అత్త "మనోనిది అరవలేదు చూడు" అని నా భుజం గిల్లింది. ముగ్గురి తర్వాత నువ్వు వచ్చినావు. నీ వెనక ఇంకా శానా మంది ఉన్నారు.

నువ్వు దిగి హెల్మెట్ తీసినావు. మేము అంత దూరం నుంచి నీ ముఖమే చూస్తాండాము. అందులో గెలుపు లేదు, ఓటమి లేదు. మీ అత్త "ఈని ముఖం కూడా మన మాదిరే అయిపోయిందే" అనె. అప్పుడు నాకు తెలిసింది. నువ్వు మారిపోయినావని, మర్చిపోయినావని ఇన్ని నెలలు మాలో మేము కుమిలిపోతిమి. నువ్వు కదలకుండా యాడ ఉండినావో ఆడనే ఉన్నావు, మేము కూడా ఆడనే ఉన్నాము.

పిలుద్దామని నోరు తెరిచినాను. ఏమని పిలవాల? అల్లుడా అనే మాట నేనే తెంపి పార్శిల్ చేసి పంపితిని. నోరు మూసుకుని బస్సెక్కినాను. మేము వచ్చినామని నీకు చెప్పొద్దని హేమలతను కూడా అడిగినాము.

నాది తప్పు. దుఃఖంలో ఉన్న మనిషిని ఇంకో పెండ్లికి సిద్ధమైనాడు అనుకున్నాను. నన్ను మన్నించమని అడగడం లేదు. జాబు మాత్రం ఆపొద్దు.

బయ్యన్న


అనంతపురం,
8 ఏప్రిల్ 2025

మామా,

మీరు వచ్చి నన్ను పలకరించకుండా పోయారని చదివినప్పుడు నాకు కోపం వచ్చింది. తర్వాత కిరణ్ సంగతి ఉన్న పాత జాబు తీసి మళ్ళీ చదివాను. ఇంకా కోపం వచ్చింది. షాపు మధ్యాహ్నమే మూసి ఇంటికి వచ్చి తలుపు వేసుకుని గట్టిగా అరిచాను. పక్కింటి ఓబులమ్మ వచ్చి తలుపు కొట్టింది. ఏడాదిన్నర తర్వాత నాకు వచ్చినది ఇదొక్కటే, ఈ కోపం. దాని వెనకే ఏడుపు వచ్చింది. ఇంద్రాణి పేరు పెట్టి ఏడ్చాను. ఓబులమ్మ మంచినీళ్ళు తెచ్చి పక్కన కూర్చుంది.

ఇప్పుడు ఒళ్ళంతా నొప్పిగా ఉంది. తిమ్మిరి వదిలాక కాలు ఎలా పీకుతుందో అలా. ఇదే నయం.

ఆ పోటీలో నా రౌండు సమయం అంతకు ముందు ఎప్పుడూ లేనంత తగ్గింది. మీరు గోడ వెనక ఉన్నారని తెలియకే తగ్గింది, తెలిసి ఉంటే టైరు అరిచి ఉండేది.

మీరు అడిగిన ప్రశ్నకు జవాబు చెప్పొద్దన్నారు. చెప్తాను. కిరణ్ దగ్గరకు మీరే పోయి, వాడు సెల్లు పక్కన పెట్టే దాకా నిలబడి, ఆ పని నాగేశ్వరదని చెప్పండి. మీకు చెప్పడం ఇబ్బందైతే నేనే వచ్చి చెప్తాను. మీకు కొరివి పెట్టేది నేను. అత్తకు పెట్టేదీ నేనే. రేపు నాకు ఇంకో పెండ్లి అయినా సరే, కాకపోయినా సరే. నన్ను అడగకుండా దాన్ని ఇంకొకరికి ఇచ్చే హక్కు మీకు లేదు.

అయితే తొందరేమీ లేదు. శనివారం రాత్రి బస్సుకు వస్తున్నాను.

మీ అల్లుడు
నాగేశ్వర